దూరదీపాలు – దగ్గరి ముఖం

మన ప్రబంధకవులు అష్టాదశ వర్ణనలలో పురవర్ణనకూ, చంద్రోదయవర్ణనకూ సముచితమైన స్థానం ఇచ్చారు. అయితే ఆ మహాకవులు ఎరుగని దృశ్యం ఒకటి ఈనాడు మనకు నిత్యానుభవం. చీకటి పడిన వేళ ఏ కొండ మీదనో, చెరువు గట్టు మీదనో నిలిచి నగరం వైపు చూస్తే, ఆకాశంలోని చుక్కలన్నీ నేలకు దిగివచ్చినట్లు దీపాలు కనిపిస్తాయి. ఆ దీపాలను వెనుక ఉంచుకొని మనకు ఆప్తుడైన వ్యక్తి ఒకడు నిలబడి మాట్లాడుతూ ఉంటే ఆ క్షణాన్ని చలనచిత్రంగా పదిలపరచుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. సెల్‌ఫోన్ చేతిలో ఉన్న నేటి విద్యార్థికి ఆ కోరిక మరింత సహజం. కాని తీసి చూసుకుంటే ఆశాభంగమే మిగులుతుంది. దీపాలు చక్కగా వచ్చిన చిత్రంలో మనిషి నల్లని బొమ్మగా మారిపోతాడు. మనిషి ముఖం కనిపించిన చిత్రంలో దీపాలు ఆకారం కోల్పోయి తెల్లని మరకలవుతాయి. చేతిదీపం వేసి తీస్తే ముఖం సున్నం కొట్టినట్లు వెలుగుతుంది. వెనుక నగరం ఉన్న జాడే తెలియదు. కంటికి అంత స్పష్టంగా కనిపించిన దృశ్యం కెమెరాకు ఎందుకు చిక్కలేదు?

కన్ను లోకాన్ని ఒక్క చూపులో గ్రహించదు. దూరపు దీపాల మీద ఒక క్షణం, దగ్గరి ముఖం మీద మరొక క్షణం నిలుస్తూ, ప్రతిసారీ తనను తాను సవరించుకుంటూ ఉంటుంది. ఆ ముక్కలన్నిటినీ అతికి ఒకే దృశ్యంగా మనకు అందించేది మెదడు. నేత్రపటలంలో రంగులను గుర్తించే శంకు కణాలు, మసక వెలుతురులో పనిచేసే దండ కణాలు అని రెండు తెగల కణాలున్నాయి. వెలుతురు నుండి చీకటిలోకి వచ్చినప్పుడు దండ కణాలు పూర్తిగా మేల్కొనడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. గట్టు మీద అరగంట కూర్చున్న వానికి మిత్రుని ముఖం కనిపించడానికి కారణం ఆ ఓర్పే. కెమెరాకు అటువంటి ఓర్పు లేదు. సెకనుకు 25 చిత్రాలు తీసే యంత్రం ఒక్కొక్క చిత్రానికి సెకనులో ఇరవై అయిదవ వంతుకు మించి కాలం వెచ్చించలేదు. ఆ స్వల్పకాలంలో లోపలికి వచ్చిన వెలుతురుతోనే దీపాన్నీ, ముఖాన్నీ ఒకే కొలతతో కొలవాలి.

ఆ కొలతల్లోని తారతమ్యాన్ని గమనించండి. వెలుతురును లక్సులలో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులు. నిండు పున్నమి వెన్నెల పావు లక్సుకు అటూ ఇటుగా ఉంటుంది. సాధారణమైన వీధిదీపం కింద నేల మీద పడేది పది, ఇరవై లక్సులు. వెనుకటి ఇంజనీర్లు వాడిన కొలత ఒకటి ఉంది. ఒక కొవ్వొత్తి ఒక అడుగు దూరంలోని వస్తువు మీద ప్రసరించే వెలుతురును వారు ప్రమాణంగా తీసుకున్నారు. అది దాదాపు పదకొండు లక్సులు. ఈ కొవ్వొత్తి లెక్కను మరచిపోవద్దు. మనకు ముందు ముందు దీనితో పని ఉంది.

రసశాస్త్రం చదివినవారికి ఈ సమస్య వేరొక రూపంలో పరిచితమే. ఒక భావం ఎవరిని ఆశ్రయించుకొని పుడుతుందో వారు ఆలంబన విభావం. ఆ భావాన్ని పెంపొందించే వెన్నెల, ఉద్యానం, పిల్లగాలి వంటివి ఉద్దీపన విభావాలు. రాత్రి నగరం ఎదుట నిలిచిన మనిషి ఆలంబనం. వెనుకనున్న దీపాలు ఉద్దీపనం. ఉద్దీపనం మితిమీరితే ఆలంబనం మరుగున పడుతుంది. అది పూర్తిగా లోపిస్తే ఆ మనిషి అక్కడే, ఆ రాత్రే ఎందుకు నిలిచాడో చూచేవానికి బోధపడదు. పేర్లు ఇవి కాకపోయినా, ఛాయాగ్రాహకుడు ప్రతి రాత్రీ తూకం వేసేది ఈ రెండింటినే.

ఈ తూకంలో ఒక పక్షపాతం ఉంది. దూరపు దీపాలు మన చేతిలో లేవు. నగరంలోని వేలాది దీపాలను పెంచలేము, తగ్గించలేము. దగ్గరి మనిషి మీద పడే వెలుతురు మాత్రం మన అధీనంలో ఉంటుంది. చేతిలోని దీపాన్ని రెట్టింపు దూరానికి జరిపితే ముఖం మీది కాంతి నాలుగవ వంతుకు పడిపోతుంది. మూడు రెట్లు జరిపితే తొమ్మిదవ వంతు అవుతుంది. దీపం ఒక అడుగు వెనక్కి వేసినంత మాత్రాన వెనుకటి నగరంలో అణువంత మార్పు కూడా రాదు. కనుక పని వరుస తేలిపోయింది. మొదట నగరానికి అనుగుణంగా కెమెరాను అమర్చుకొని దానిని ఇక కదల్చకూడదు. తరువాత ఆ నగరానికి తగిన వెలుతురును ముఖానికి తేవాలి. నూటికి తొంబైమంది దీనిని తలక్రిందులుగా చేస్తారు. ముఖాన్ని వెలిగించిన తరువాత నగరం కోసం వెదుకుతారు.

చలనచిత్ర చరిత్రలో చాలాకాలం ఈ ప్రశ్న తలెత్తనే లేదు. ఫిల్మ్‌కు అంత సునిశితమైన గ్రహణశక్తి ఉండేది కాదు కాబట్టి రాత్రిని పగలే తీసేవారు. ఎండలో తీస్తూ, కటకానికి నీలిరంగు ఫిల్టరు తగిలించి, లోపలికి వెళ్లే వెలుతురును తగ్గిస్తే ఎండ వెన్నెలలా భ్రమింపజేస్తుంది. ఫ్రెంచివారు దీనిని ‘అమెరికన్ రాత్రి’ అంటారు. ఫ్రాన్స్వా త్రుఫో 1973లో సినిమా నిర్మాణం గురించి తీసిన చిత్రానికి ఆ మాటనే పేరుగా పెట్టాడు. వెన్నెల భ్రాంతిని కల్పించడంలో తెలుగు తెర ఎవరికీ తీసిపోలేదు. ‘మాయాబజార్’ (1957) లోని నౌకావిహార గీతంలో మార్కస్ బార్‌ట్లీ తెరపై పరచిన వెన్నెలను చూచి ముగ్ధులు కాని తెలుగువారు అరుదు. అది సాక్షాత్తు చంద్రుడు ప్రసాదించినది కాదు, ఛాయాగ్రాహకుడు సృష్టించినది. అయితే ఈ ఇంద్రజాలానికి ఒక హద్దు ఉంది. ఎండను వెన్నెలగా చూపవచ్చునేమో గాని, పట్టపగలు నగరంలోని దీపాలను వెలిగించి చూపడం సాధ్యం కాదు. వెలిగించినా ఎండలో అవి కనిపించవు. కాబట్టి దూరపు దీపాలు కావాలనుకున్న దర్శకుడు నిజమైన రాత్రిలోకి అడుగు పెట్టక తప్పలేదు.

అడుగు పెట్టినవారిలో స్టాన్లీ కూబ్రిక్ ఒకడు. ఆయన కోరినది నగరదీపాలను కాదు, కొవ్వొత్తులను. 18వ శతాబ్దపు కథతో తీసిన ‘బారీ లిండన్’ (1975) లో కొవ్వొత్తుల వెలుగులోనే కొన్ని సన్నివేశాలను చిత్రించడానికి, అమెరికా అంతరిక్ష సంస్థ కోసం జైస్ కంపెనీ తయారుచేసిన 50 మిల్లీమీటర్ల కటకాన్ని సంపాదించాడు. సాధారణంగా మంచి కటకమని పేరుపొందిన దానికంటె అది నాలుగు రెట్లు అధికంగా వెలుతురును లోనికి రానిస్తుంది. ఫలితం అద్భుతం, మూల్యం కఠినం. అంతగా తెరచుకున్న కటకానికి స్పష్టత నిలిచే లోతు అత్యల్పం. నటుడు కాస్త ముందుకు వంగితే చాలు, ముఖం మసకబారుతుంది. ఛాయాగ్రాహకుడు జాన్ ఆల్‌కాట్‌కు ఆస్కార్ పురస్కారం లభించింది గాని, ఆ మార్గం అందరూ అనుసరించదగినది కాదు. ఆనాటి ఫిల్మ్ గ్రహణశక్తి 100 మాత్రమే. 1980ల చివరికి అది 500కు చేరింది. అప్పటికి కూడా దూరపు నగరం తెరపై మసకగానే ఉండిపోయేది.

ఈ అడ్డుగోడను గట్టిగా కదిలించిన చిత్రం 2004లో విడుదలైన ‘కొలాటరల్’. దర్శకుడు మైకేల్ మాన్. ఛాయాగ్రాహకులు డియాన్ బీబ్, పాల్ కామెరాన్. ఒక టాక్సీడ్రైవరు, అతని బండి ఎక్కిన కిరాయి హంతకుడు ఒకే రాత్రి లాస్ ఏంజలస్ నగరమంతా తిరగడమే కథ. ఆ నగరపు రాత్రికి ఒక విశేషం ఉంది. సముద్రం మీది నుంచి వచ్చే పల్చని మేఘం నగరాన్ని తక్కువ ఎత్తులో కప్పుతుంది. కింద వెలిగే లక్షలాది సోడియం దీపాల పసుపు ఎరుపుల కాంతి ఆ మేఘానికి తగిలి మళ్లీ నేలకు దిగుతుంది. ఆకాశం నల్లగా ఉండదు. ఆరిపోబోయే కుంపటిలా ఉంటుంది. దాని ఎదుట తాటిజాతి చెట్లు, కొండల అంచులు నల్లగా నిలుస్తాయి. అక్కడి నివాసులు రోజూ చూచే ఈ దృశ్యాన్ని ఫిల్మ్ పట్టుకోలేకపోయింది. ముఖానికి చాలినంత వెలుతురు వేస్తే ఆ మందమైన ఆకాశం మాయమయ్యేది. అందుకని మాన్ ఈ చిత్రంలో అధికభాగానికి డిజిటల్ కెమెరాలను ఎంచుకున్నాడు. ఆనాటికి ఒక పెద్ద చిత్రానికి అది సాహసమే.

ఇక టాక్సీ లోపలి ముఖాల సంగతి. మామూలు దీపాన్ని ఆ ఇరుకులో పెడితే ముఖం ధగధగలాడి, కిటికీ అవతలి నగరం చచ్చిపోతుంది. కాబట్టి కాగితంలా పల్చగా ఉండి, తమంతట తామే మంద్రంగా వెలిగే పలకలను చేయించి, కారు లోపల అక్కడక్కడ అంటించారు. వాటి వెలుతురు దీపం వేసినట్లు అనిపించదు. నగరమే కిటికీలోనుంచి తొంగిచూచి ముఖాన్ని తాకినట్లు ఉంటుంది. చిత్రంలో కొన్నిచోట్ల గరుకుదనం కనిపించే మాట వాస్తవం. కెమెరా తనకు అందిన స్వల్పకాంతిని పెంచినప్పుడు, కాంతితోపాటు దానిలోని హెచ్చుతగ్గులు కూడా పెరిగి ఇసుక చల్లినట్లు అవుతుంది. విమర్శకులలో కొందరు దానిని లోపంగా ఎంచారు. నా దృష్టిలో ఆ గరుకుదనం ఆ కథకు తగినదే. నునుపైన రాత్రి అబద్ధపు రాత్రి.

ఆ సినిమాలోని నగరం ఇప్పుడు లేదు. లాస్ ఏంజలస్ నగరపాలన 2009లో సోడియం దీపాలను తీసి ఎల్.ఇ.డి. దీపాలను అమర్చడం ప్రారంభించింది. తొలివిడతలో సుమారు 1,40,000 దీపాలు మారాయి. కుంపటి రంగు పోయి వెండి రంగు వచ్చింది. మన దేశంలోనూ ఇదే కథ. వీధిదీపాల జాతీయ కార్యక్రమం 2015 జనవరిలో మొదలైంది. విశాఖపట్నంలో 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ తుపాను తరువాత వీధులకు ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి. కైలాసగిరి మీదినుంచి చూచినవారికి సాగరతీరం వెంట వంపుతిరిగిన ఆ దీపాల బారు ఒకప్పుడు తేనెరంగులో ఉండేదని గుర్తుండే ఉంటుంది. విద్యుత్తు ఆదా అయిన మాట నిజమే, దానిని కాదనలేము. అయితే ఒక తరం పాత చిత్రాలలో చూచే రాత్రి, ఇకమీదట తీయబోయే రాత్రి ఒకే రంగులో ఉండవు.

నిండు చీకటిని జయించడం ఒక మార్గమైతే, చీకటి నిండకమునుపే పని ముగించుకోవడం మరొక మార్గం. 2016లో వచ్చిన ‘లా లా లాండ్’ లో నాయికానాయకులు గ్రిఫిత్ పార్కు కొండదారిలో నర్తించే ఘట్టం ఉంది. వెనుక లోయ నిండా దీపాలు. పైన ఇంకా ఆరని నీలాకాశం. ఛాయాగ్రాహకుడు లైనస్ సాండ్‌గ్రెన్ దానిని మధ్యలో తెంపకుండా, ఏకధారగా చిత్రించాడు. సూర్యుడు అస్తమించిన తరువాత ఆ నీలిమ నిలిచేది కొద్ది నిమిషాలే. అప్పటికే నగరంలో దీపాలు వెలిగి ఉంటాయి. ఆకాశమే పెద్ద తెల్లని గొడుగులా పనిచేసి ముఖాల మీద మెత్తని కాంతి కురిపిస్తుంది. దీపానికీ ముఖానికీ మధ్య ఉండే వైరం ఆ కాసేపు సంధి చేసుకుంటుంది. మన కవులు సంధ్యను పగటికీ రాత్రికీ పొత్తుగా వర్ణించడంలో ఎంత యథార్థం ఉందో కెమెరా వెనుక నిలిచినవానికి అర్థమవుతుంది. చిక్కు ఒక్కటే. పాదం తప్పితే మళ్లీ మొదటి నుంచి నర్తించడానికి వెలుతురు ఆగదు. మరునాటి సాయంకాలం దాకా ఎదురుచూడవలసిందే.

ఇంతవరకు ‘ముఖం’ అన్నాము గాని, ఎవరి ముఖం అని విచారించలేదు. గత శతాబ్ది మధ్యకాలం నుంచి కొడాక్ కంపెనీ రంగుల ముద్రణ సరిచూసుకోవడానికి ప్రయోగశాలలకు పంపిన నమూనా చిత్రాలలో ఉన్నది తెల్లని మేనిఛాయ గల స్త్రీ. ఆ మొదటి నమూనా స్త్రీ పేరుమీదుగా వాటికి ‘షర్లీ కార్డులు’ అనే పేరు వచ్చింది. ఆమె చర్మం చక్కగా వస్తే అందరి చర్మమూ చక్కగా వచ్చినట్లే అని భావించారు. నల్లని మేనిఛాయ గలవారు ఆ లెక్కలో లేరు. పగటివేళ ఈ అన్యాయం కొంత మరుగుపడినా రాత్రివేళ దాగదు. చామనచాయ, నలుపు చర్మాలు తమ మీద పడిన వెలుతురులో తక్కువ భాగాన్నే తిరిగి పంపుతాయి. దూరపు దీపాలకు కెమెరాను అమర్చినప్పుడు మొదట చీకటిలో కలిసిపోయేది అటువంటి ముఖమే. దానికి చాలామంది చేసే చికిత్స, వెలుతురును ఇబ్బడిముబ్బడిగా గుమ్మరించి ముఖాన్ని తెలుపు చేయడం. మన తెరమీద ఇది నేటికీ కనిపిస్తున్నది. కృష్ణుడిని, ద్రౌపదిని నీలమేఘానికీ నల్లకలువకూ పోల్చి మురిసిన సంస్కృతి మనది. మన రాత్రి చిత్రాలలో మాత్రం నలుపుకు చోటు దొరకడం లేదు.

సరియైన ఉపాయం వేరే ఉంది. నల్లని చర్మానికి సహజమైన నిగారింపు ఉంటుంది. వెలుతురును పెంచడం కాక, ఆ నిగారింపు మీద వెలుతురు ప్రతిఫలించేటట్లు చేయాలి. లాస్ ఏంజలస్‌లోని నల్లజాతి యువతుల జీవితం ఇతివృత్తంగా 2016లో ప్రారంభమైన ‘ఇన్‌సెక్యూర్’ అనే టెలివిజన్ ధారావాహికలో ఛాయాగ్రాహకురాలు ఆవా బెర్కాఫ్‌స్కీ ఈ సూత్రాన్నే పాటించింది. దీపాన్ని సూటిగా ముఖానికి గురిపెట్టకుండా, వెడల్పయిన తెల్లని తలం మీదికి తిప్పి, అక్కడినుంచి తిరిగివచ్చే కాంతిని వాడుకున్నది. ముఖానికి పొడి అద్దడం మాని, కొద్దిగా మెరుపునిచ్చే లేపనాన్ని పూయించింది. చెక్కిలి ఎముక మీద, నుదుటి అంచున ఒక వెలుగుగీత నిలిస్తే ముఖాకృతి అంతా పలుకుతుంది. మేనిఛాయ తన రంగులోనే ఉంటుంది. నూనె రాసుకున్న ముఖం దీపం వెలుగులో ఎంత అందంగా ఉంటుందో మన అమ్మమ్మలకు తెలియనిది కాదు.

ఇప్పుడు హైదరాబాదులో టాంక్‌బండ్ మీదికి వెళదాము. పడమటి దిక్కుకు తిరిగి నిలబడితే ముందు హుస్సేన్‌సాగర్ జలాలు, నడుమ 1992లో ప్రతిష్ఠించిన బుద్ధవిగ్రహం, ఆవలి ఒడ్డున దీపాల వరుస కనిపిస్తాయి. ఆ దీపాలు నీటిలో నిలువు గీతలుగా సాగి రెట్టింపవుతాయి. సినిమావారు పొడినేల మీద ట్యాంకర్లతో నీళ్లు చల్లించి సంపాదించే ప్రతిబింబాలను ఇక్కడ చెరువే ఉచితంగా ఇస్తున్నది. సూర్యాస్తమయానంతరం ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఆకాశంలో నీలిమ ఉంటుంది. కాబట్టి అంతకుముందే వెళ్లి, నిలవవలసిన చోటు నిర్ణయించుకోవాలి. మిత్రుని గట్టు మీది వీధిదీపం కింద నిలపరాదు. నడినెత్తిన పడే వెలుతురు కళ్లను గుంటలుగా చేస్తుంది. రెండు స్తంభాల నడుమ, దీపం కాస్త పక్కగా ఉండేటట్లు చూసుకుంటే సగం పని వీధిదీపమే చేసిపెడుతుంది.

ఫోన్ తెరమీద ఆవలి ఒడ్డు దీపాల మీద వేలు ఆనించి కొంతసేపు అదిమి ఉంచితే చాలా ఫోన్లలో కొలత స్థిరపడుతుంది. ఆ పైన దీపాల రంగు తెలిసేదాకా వెలుతురును తగ్గించాలి. అప్పుడు మిత్రుడు నీడగా కనిపిస్తాడు; కలవరపడవలసిన పని లేదు. రెండవ ఫోన్‌లోని టార్చిని తెల్లని చార్టుకాగితం మీదికో, షూటింగులలో వాడేటటువంటి థర్మోకోల్ పలక మీదికో తిప్పి, ఆ వెలుగు ముఖానికి ఒక పక్కనుంచి తగిలేటట్లు పట్టుకోమని మరొకరికి చెప్పాలి. ముఖం మీద కావలసినది పది, పదిహేను లక్సులే. అంటే మనం మొదట చెప్పుకున్న కొవ్వొత్తి, అడుగు దూరంలో. ముఖం పూర్తిగా వెలగరాదు. పగటి ముఖంకంటె రెండు మెట్లు తక్కువగా ఉంటేనే అది రాత్రి ముఖం అవుతుంది. టార్చి మరీ తెల్లగా ఉండి వీధిదీపం పసుపుగా ఉంటే, దానిమీద పసుపు నారింజ రంగు గాజుకాగితం ఒక పొర చుట్టాలి. ఎక్కువ పెంచడం కంటె దగ్గరకు, దూరానికి జరపడమే సులువు.

మరొక విషయం. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహిస్తుంది కనుక అనేక దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి అది తెలియదు. కెమెరా షట్టరు వ్యవధి సెకనులో 50వ వంతు గాని, 100వ వంతు గాని కాకపోతే చిత్రంలో దీపాలు కొట్టుకుంటాయి, అడ్డపట్టీలు కదులుతాయి. ఫోన్లలో ‘నైట్ మోడ్’ అనే సదుపాయం చిత్రపటాలకు బాగుంటుంది. అది అనేక చిత్రాలను ఒకదానిపై ఒకటి పేర్చి కూర్చుతుంది. కదిలే మనిషి విషయంలో, అందులోనూ చలనచిత్రంలో, దాని మహిమ అంతగా పనిచేయదు.

పెద్ద కెమెరా దొరికితే 85 మిల్లీమీటర్ల వంటి పొడవైన కటకంతో మిత్రునికి దగ్గరగా స్పష్టత నిలిపి చూడాలి. దూరపు దీపాలు ఒక్కొక్కటీ గుండ్రని బిళ్లగా ఉబ్బుతాయి. కటకం లోపలి రేకులు ఎన్ని అంచులుగా మూసుకుంటే ఆ బిళ్లలకు అన్ని అంచులు వస్తాయి. అందంగా ఉన్నదని దీపాలను మరీ కరగబోస్తే, అది హుస్సేన్‌సాగరమో, మరే ఊరో చెప్పడానికి వీలుండదు. బుద్ధవిగ్రహపు రూపురేఖలు గుర్తుపట్టేటంత వరకు రంధ్రాన్ని మూయడం నాకు నచ్చిన పద్ధతి. గట్టు మీద నడిచే అపరిచితుల ముఖాలు చిత్రంలో పడకుండా చూసుకోవడం, పడితే అడిగి తీయడం మర్యాద.

మాట్లాడవలసినది ముగిసిన తరువాత టార్చిని ఆర్పివేసి, మిత్రుని కదలవద్దని చెప్పి, మరో అరనిమిషం చిత్రీకరించండి. అతడు మళ్లీ నల్లని రూపంగా మారతాడు. నీటిలోని దీపాలు మాత్రం కదులుతూ ఉంటాయి. కూర్పులో వెలిగిన ముఖం పక్కన ఈ నీడను చేర్చి చూడండి. ఏది ముందు, ఏది వెనుక ఉంచాలన్నది ఆ మిత్రుడు ఆ రాత్రి చెప్పిన మాటలను బట్టి ఉంటుంది.